ఎర్రమల సున్నపురాతి కొండలు, వాటి చుట్టుపక్కల పల్లెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎర్రమల కొండలు సరిగ్గా ఎక్కడ ఉన్నాయి?

కుందూ నది పారే నంద్యాల లోయలో నిలబడి చూస్తే తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కనిపిస్తాయి. బేతంచెర్ల, పాణ్యం, బనగానపల్లె, ఔకు, కొలిమిగుండ్ల ప్రాంతాల మీదుగా దక్షిణానికి సాగే ఈ వరుస కడప జిల్లాలో గండికోట దగ్గర పెన్నా నది కోసిన లోతైన గండి వరకు వెళుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత పైన చెప్పిన మండలాలన్నీ నంద్యాల జిల్లాలోకి వచ్చాయి కనుక, పాత పుస్తకాలలోనూ బోర్డులపైనా కర్నూలు జిల్లా అని కనిపిస్తే అది ఇదే ప్రాంతమని గ్రహించాలి. నల్లమల అడవికి, పులులకు, శ్రీశైలానికి పేరు పొందింది. ఎర్రమలలో అంత అడవి లేదు. తుప్పలు, ముళ్లపొదలు, బండలు, వాటి మధ్య వాగులు ఉంటాయి. అందుకే చాలామంది దీన్ని దారిలో దాటిపోయే కొండగానే చూస్తారు. అది న్యాయం కాదని చెప్పడానికే ఈ సమాధానాలు ఇంత వివరంగా రాస్తున్నాను.

సున్నపురాతి కొండలైతే పైభాగం బల్లపరుపుగా ఎందుకు ఉంటుంది?

ఇక్కడ ఒక్క రాయి లేదు, అనేక రాళ్ల పొరలు ఉన్నాయి. భూవిజ్ఞానులు ఈ పొరలకు ఈ నేల మీది ఊళ్ల పేర్లే పెట్టారు. అడుగున బనగానపల్లె క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడగా ఏర్పడిన రాయి), దాని మీద నర్జి సున్నపురాయి, ఆపైన ఔకు షేల్ (పలుచని పొరలుగా విడిపోయే మెత్తని బురదరాయి), పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నింటికన్నా పైన నంద్యాల షేల్ ఉంటాయి. ఈ మొత్తాన్ని కర్నూలు శిలా సముదాయం అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతపు శిలల గురించి సమగ్రమైన వివరణ ప్రచురించాడు. పాణ్యం క్వార్ట్జైట్ చాలా గట్టి రాయి, వానకు తొందరగా అరగదు. దాని కిందనున్న సున్నపురాయి, షేల్ మాత్రం కరుగుతూ, రాలుతూ పోతాయి. అందువల్ల కొండకు పైన చదునైన కప్పు, అంచున నిటారైన గోడ, దాని కింద వాలు ఏర్పడ్డాయి. బనగానపల్లె నుంచి యాగంటి వెళ్లే దారిలో ఈ మూడింటినీ ఒకే చూపులో గుర్తుపట్టవచ్చు.

ఈ సున్నపురాయి 50 కోట్ల సంవత్సరాలకు పూర్వమే సముద్రపు అడుగున పేరుకున్నది. అప్పటికి గవ్వలు, శంఖాలు ఉన్న జీవులు పుట్టలేదు కనుక ఈ బండల్లో వాటి కోసం వెదకవలసిన పని లేదు.

గుహలు ఎలా ఏర్పడ్డాయి?

వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి, రాతిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోతుంది. వెంట్రుకంత సందు కాలక్రమంలో మనిషి పట్టే దారి అవుతుంది, ఆ దారి గది అవుతుంది. కరిగిన సున్నం పైకప్పు నుంచి నీటిచుక్కతో పాటు దిగి, మళ్లీ గట్టిపడి వేలాడే రాతికొమ్ములుగా, నేల నుంచి లేచే దిమ్మెలుగా పేరుకుంటుంది. పల్లెల్లో నీళ్లు కాచే పాత్రలకు తెల్లని పెచ్చు కట్టడానికి కారణం కూడా ఈ కరిగిన సున్నమే.

దీనికి మరో ఫలితం ఉంది. వాన నీరు పైన నిలవకుండా పగుళ్లలోకి దిగిపోతుంది కనుక కొండమీద నీటికి కరువు, కొండ పాదాన ఊటలు. యాగంటి కోనేరు అలాంటి ఊట నీటితోనే నిండుతుంది. తాడిపత్రిలో పెన్నా ఒడ్డున వెలసిన బుగ్గ రామలింగేశ్వరుడు, ఓర్వకల్లు వైపు ఉన్న కాల్వబుగ్గ రామేశ్వరుడు కూడా ఊటల దగ్గర వెలసిన దేవుళ్లే. ఈ సీమలో గుడి ఎక్కడ ఉందో చూస్తే నీరు ఎక్కడ ఉందో తెలుస్తుంది.

బెలుం గుహలలో ఏమి చూడాలి?

ముందుగా, బెలుం గుహలు కొండలో ఉండవు. కొలిమిగుండ్లకు దగ్గరలో, చదునైన చేల మధ్య, బావుల వంటి గోతులు ఉంటాయి. వాటిలో నడిమిదే ప్రవేశ మార్గం. మెట్లు దిగి కొంత దూరం పోయాక దారి అడ్డంగా సాగుతుంది. ఇంతవరకు కొలిచిన మొత్తం పొడవు 3,229 మీటర్లు. భారత ఉపఖండంలో సందర్శకులకు తెరిచి ఉన్న గుహలలో పొడవును బట్టి ఇది మొదటిది. అయితే సందర్శకులు నడవగలిగినది సుమారు 1.5 కిలోమీటర్లు మాత్రమే.

1884లో బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల ఉనికిని నమోదు చేశాడు. ఆ తరువాత దాదాపు వందేళ్లు వీటిని పట్టించుకున్నవారు లేరు. 1982, 1983లలో డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకుల బృందం వచ్చి లోపలి దారులను కొలిచి పటం గీసింది. ఒకప్పుడు చుట్టుపక్కల చెత్తను ఈ గోతులలో పారబోసేవారు. 1988లో ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది, 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ బాధ్యత తీసుకుంది, 2002 ఫిబ్రవరిలో ప్రజలకు తెరిచింది. ఈ రోజు మనం దీపాల వెలుగులో తాపీగా నడుస్తున్న దారులలో ఎంత బురద, ఎంత చెత్త ఎత్తిపోశారో ఊహించుకుంటే, లోపల ఒక్క కాగితం ముక్క పారవేయడానికి కూడా మనసు ఒప్పదు.

లోపల సింహద్వారం, కోటిలింగాలు, మర్రిచెట్టు, వేయిపడగలు, సప్తస్వరాల గుహ, ధ్యానమందిరం, పాతాళగంగ అనే చోట్లు ఉన్నాయి. పాతాళగంగ ప్రవేశ మట్టం నుంచి 46 మీటర్ల లోతున ఉంది. అక్కడ సన్నని నీటిపాయ ఏడాది పొడుగునా పారుతూ రాతి కిందికి మాయమవుతుంది. సప్తస్వరాల గుహలో రాతికొమ్ములను తడితే స్వరం పలుకుతుందని అందరూ కొట్టి చూస్తుంటారు. దయచేసి కొట్టవద్దు. ఆ కొమ్ము వేలెడు పెరగడానికి ఎన్నో తరాలు పడుతుంది, విరగడానికి ఒక దెబ్బ చాలు. ధ్యానమందిరం వద్ద జైన, బౌద్ధ సన్యాసులు ఒకప్పుడు నివసించారని చెబుతారు. గుహల బయట నిలబెట్టిన పెద్ద బుద్ధ విగ్రహానికి ఆ చరిత్రే ఆధారం.

లోపల గాలి చల్లగా ఉంటుందని అనుకుని వచ్చేవారు నిరాశ పడతారు. తేమ ఎక్కువ, కొన్ని చోట్ల బాగా ఉక్క. గొట్టాల ద్వారా తాజా గాలిని పంపే ఏర్పాటు ఉన్నా, ఊపిరి ఇబ్బంది, రక్తపోటు, ఇరుకు చోట్లంటే భయం ఉన్నవారు మొదటి గదుల వరకు వెళ్లి తిరిగి రావడం మంచిది.

బొర్రా గుహలు చూశాము. బెలుం కూడా చూడవలసిన అవసరం ఉందా?

ఉంది. అరకు దారిలోని బొర్రా ఎత్తైన కప్పుతో, పెద్ద పెద్ద గదులతో ఉంటుంది. బెలుం మాత్రం నేల కింద నల్లని సున్నపురాతిలో నీరు తొలిచిన సందుల చిక్కుదారి. నీటి ఒరపిడికి నునుపెక్కిన గోడలను తాకుతూ నడవాలి. నీరు రాతిని ఏ దారిన తొలిచిందో కళ్లారా తెలుసుకోవాలంటే బెలుంకు మించిన చోటు తెలుగునాట లేదని నా అభిప్రాయం.

బిల్లసర్గం గుహల గురించి అంత తక్కువగా ఎందుకు వింటాము?

అక్కడ దీపాలు లేవు, టిక్కెట్లు లేవు. చరిత్ర దృష్టితో చూస్తే మాత్రం ఎర్రమలలో ముందుగా చెప్పుకోవలసిన గుహలు బేతంచెర్ల దగ్గరి ఈ బిల్లసర్గం గుహలే. పైకప్పులు కూలిపోగా మిగిలిన ఇరుకైన కనుమలు, వాటిపై వంతెనలా నిలిచిన సహజ రాతి తోరణాలు, పక్కగోడల్లోకి తెరుచుకున్న గుహల నోళ్లు, ఇదీ అక్కడి స్వరూపం.

మద్రాసు సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న న్యూబోల్డ్ 1844లో ఇక్కడ జంతువుల ఎముకలు దొరికాయని ప్రకటించాడు. ఆ తరువాత ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్లీ దక్షిణ భారతంలోని గుహలను తవ్వి చూడాలని మద్రాసు గవర్నరును ప్రోత్సహించగా, రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1884, 1885లలో బిల్లసర్గాన్ని తవ్వారు. దొరికిన ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరించాడు. వాటిలో హైనా ఎముకలు, గాడిదజాతి జంతువు ఎముకలు, ఒక ఖడ్గమృగం ఎముకలు ఉన్నాయి. ఆ ఖడ్గమృగానికి ఆయన పెట్టిన శాస్త్రీయ నామం రైనోసెరస్ కర్నూలియెన్సిస్. ముళ్లపొదలు మాత్రమే కనిపించే ఈ నేల మీద ఒకనాడు ఖడ్గమృగాలు మేసేటంత పచ్చిక ఉండేదని ఆ పేరు వింటేనే తెలుస్తుంది. ఫుట్ గుహలకు కెథెడ్రల్, చార్నెల్ హౌస్, పర్గటరీ వంటి పేర్లు పెట్టాడు; పరిశోధకులు ఇప్పటికీ అవే వాడుతున్నారు. 21వ శతాబ్దంలో కూడా పరిశోధక బృందాలు ఇక్కడి పొరలను మళ్లీ పరీక్షించాయి.

వెళ్లదలచినవారు బేతంచెర్లలో విచారించి, దారి తెలిసిన స్థానికుని వెంటబెట్టుకుని పగటిపూట మాత్రమే వెళ్లాలి. గుహ అడుగున ఉన్న మట్టిని కాలితో కూడా తవ్వకూడదు. పురాతత్వవేత్తకు ఆ మట్టిలోని ఒక్కొక్క పొర ఒక కాలం; ఒకసారి కలిసిపోతే ఏది ముందో ఏది వెనకో ఎవరూ చెప్పలేరు.

జ్వాలాపురంలో అగ్నిపర్వతపు బూడిద ఉందంటారు. నిజమేనా?

నిజమే, కాని ఆ అగ్నిపర్వతం ఇక్కడిది కాదు. సుమారు 74,000 సంవత్సరాల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద బంగాళాఖాతం దాటి భారతదేశమంతటా పడింది. బనగానపల్లె సమీపంలోని జుర్రేరు వాగు లోయలో, జ్వాలాపురం చుట్టుపక్కల, అది నేటికీ తెల్లని మెత్తని పొరగా నిలిచి ఉంది. ఆకాశం నుంచి నేరుగా పడినది కొన్ని సెంటీమీటర్లే. చుట్టూ ఉన్న వాలుల నుంచి వాన నీరు కడిగి తెచ్చి పోసినది కలిసి కొన్ని చోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది.

పురాతత్వవేత్తలు రవి కొరిసెట్టార్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వకాలు జరిపి 2007లో ఫలితాలను ప్రచురించింది. బూడిద పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి, వాటి తీరులో పెద్ద మార్పు కనిపించలేదు. అంటే అంతటి ఉత్పాతాన్ని తట్టుకుని ఈ లోయలో మనుషులు బతికారు. వారు మనవంటి ఆధునిక మానవులా, అంతకుముందటి జాతివారా అన్న విషయంపై పండితుల మధ్య వాదం నడుస్తూనే ఉంది. లోయలోని మరొక రాతి పంచ కింద దాదాపు 35,000 సంవత్సరాల నాటి సూక్ష్మ శిలాయుధాలు, పూసలు దొరికాయి. చుట్టూ ఉన్న రాతి పంచలలో రంగులతో వేసిన బొమ్మలు కూడా ఉన్నాయి.

ఈ లోయలో ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మళ్లీ సున్నపురాయిలోనే ఉంది. కొండ పాదాన ఊట నీరు, తలదాచుకోవడానికి రాతి పంచలు, పనిముట్లకు తగిన గట్టి రాళ్లు ఒక్కచోట దొరికాయి. అందుకే మనిషి ఈ చోటును విడిచిపెట్టలేదు.

బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఈ బూడిదను గిన్నెలు తోమే పొడి తయారీకి తవ్వి తరలించారు. బతుకుతెరువు కోసం తవ్వినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దాని విలువను ఆ ఊరివారికి తెలుగులో, వారి మాటలో చెప్పవలసింది. పిల్లలకు బడిలో చూపించవలసింది. చూడడానికి వెళ్లినవారు పొరను గీకి సీసాలో నింపుకోవడం మాత్రం మానుకోవాలి.

యాగంటి ప్రత్యేకత ఏమిటి?

బనగానపల్లెకు 15 కిలోమీటర్ల లోపు దూరంలో, కొండగోడ ఒడిలో ఉమామహేశ్వరాలయం ఉంది. విజయనగర సంగమ వంశ రాజుల కాలంలో ఆలయాన్ని కట్టించారు. అగస్త్య మహర్షి ఇక్కడ వేంకటేశ్వరుని ప్రతిష్ఠించదలచగా విగ్రహం కాలిగోరు విరిగిందని, అప్పుడు శివుడు ప్రత్యక్షమై ఉమాసమేతంగా ఇక్కడే వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. కాకులకు అగస్త్యుని శాపం ఉన్నందున ఇక్కడ అవి వాలవని కూడా అంటారు. నంది ఏటేటా పెరుగుతున్నదని భక్తుల విశ్వాసం; ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసే వీలుండేదని, ఇప్పుడు స్తంభాలకు ఆనుకున్నదని పెద్దలు చెబుతారు. కలియుగాంతంలో యాగంటి బసవన్న రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం చెప్పిన మాట సీమలో తెలియనివారు ఉండరు.

ఆలయం పక్కన మెట్లెక్కితే వేంకటేశ్వర గుహ, అగస్త్య గుహ, వీరబ్రహ్మం గుహ వస్తాయి. బ్రహ్మంగారు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని ప్రతీతి. ఆ కొండ కూడా బనగానపల్లె చేరువలోనే ఉంది.

ఈ పల్లెల్లో ఇళ్లకు, కంచెలకు అంతా బండలే ఎందుకు?

ఇక్కడి సున్నపురాయి పలకలు పలకలుగా విడివడుతుంది. దీన్నే నాపరాయి అంటారు. బేతంచెర్ల బండలు, కడప బండలు, తాడిపత్రి నల్ల బండలు అన్న పేర్లతో తెలుగు ఇళ్లలో సగం గచ్చులకు, వంటగట్లకు చేరింది ఈ రాయే. గనిలో పొర సందున ఉలి పెట్టి సుత్తితో తట్టుతూ పోతే బండ లేస్తుంది. అనుభవం ఉన్న పనివాడు దెబ్బ శబ్దాన్ని బట్టే బండ లోపల పగులు ఉందో లేదో చెప్పగలడు. లేచిన బండను పాలిష్ ఫ్యాక్టరీకి తెచ్చి కోసి నునుపు చేస్తారు.

పల్లెల్లో బండకు లేని పని లేదు. నిలువుగా పాతితే దొడ్డికి కంచె, అడ్డంగా వేస్తే అరుగు, తొట్టికి నాలుగు గోడలు, వీధికి గచ్చు. పాత మట్టి మిద్దెలలో దూలాల మీద బండలు పరిచి, వాటిపై చవుడు మట్టి వేసేవారు. వేసవిలో లోపల చల్లగా ఉండేది. కాంక్రీటు కప్పులు వచ్చాక ఇవి తగ్గిపోతున్నాయి, మిగిలిన వాటిని శ్రద్ధగా చూడండి.

ఈ పరిశ్రమ వల్ల వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి, దానితోపాటే దారుల పక్కన విరిగిన బండల గుట్టలు, పాలిష్ చేసిన తరువాత మిగిలే తెల్లని బురద, దుమ్ము కూడా పెరుగుతున్నాయి. సిమెంటు కర్మాగారాలకూ ఈ సున్నపురాయే కావాలి. కొండను పూర్తిగా కదపవద్దని నేను అనను. గుహలు, ఊటలు, రాతి బొమ్మలు ఉన్న చోట్లను ముందుగా గుర్తించి విడిచిపెట్టి, మిగిలిన చోట తవ్వుకోవాలన్నదే నా కోరిక.

ఇక్కడ వజ్రాలు దొరుకుతాయా?

బనగానపల్లె క్వార్ట్జైట్ అడుగున ఉండే గులకరాళ్ల పొరలో వజ్రాలు ఉండేవి. బనగానపల్లె, మునిమడుగు పరిసరాల్లో పూర్వం ఆ పొర కోసం గోతులు తవ్వారు. తొలకరి వానలు పడగానే చేలల్లో వజ్రాలు వెదకడానికి జనం గుంపులుగా చేరే జొన్నగిరి, పగిడిరాయి ప్రాంతాలు ఇక్కడివి కావు, పడమటి వైపువి. సున్నపురాతిలో వజ్రం దొరకదు. ఆ ఆశతో గుహల్లోకి దిగితే ప్రమాదమే మిగులుతుంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఇంకా ఏమి చూడవచ్చు?

కోయిలకుంట్ల, నొస్సం, పేరుసోముల ఊళ్లు తప్పకుండా చూడాలి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంపై తిరగబడ్డాడు. చివరకు పేరుసోముల కొండల్లో పట్టుబడగా, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. జనాన్ని భయపెట్టేందుకు ఆయన తలను మూడు దశాబ్దాల పాటు కోటబురుజుకు వేలాడదీశారు. బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానంగా ఉండేది. వారి బంగళా ఇంకా నిలిచి ఉంది. నందవరంలో చౌడేశ్వరి ఆలయం, బేతంచెర్ల దగ్గర మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం జనం విశేషంగా దర్శించేవి.

ఏ కాలంలో వెళ్లాలి? తిండి మాటేమిటి?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బండలు కాలి కొండమీద నడవడం కష్టం. అయితే బనగానపల్లె మామిడిని పుట్టిన ఊళ్లోనే తినాలనుకునేవారు వేసవిలోనే రావాలి. ఈ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఉదయం ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం జొన్నరొట్టె, వేరుశనగ పొడి ఇక్కడి ఇష్టమైన ఆహారం. చలికాలంలో నల్లరేగడి చేలలో శనగ పంట పచ్చగా పరుచుకుని ఉంటుంది. కొండమీద నీరు దొరకదు కనుక సరిపడా వెంట తీసుకుని వెళ్లాలి.

తెలియని గుహల్లోకి సొంతంగా వెళ్లవచ్చా?

వెళ్లకూడదు. ఇరుకు గుహల్లో గాలి చెడి ఉండవచ్చు, పాములు ఉండవచ్చు, వాన కురిస్తే నీరు ఒక్కసారిగా నిండవచ్చు. గబ్బిలాలు ఉన్న చోట పెద్ద దీపాలు, కేకలు పనికిరావు. ఏ కొండ ఎక్కినా ఊరిలో ఒకరికి చెప్పి, ఎప్పటికి దిగుతామో తెలిపి బయలుదేరాలి. గొర్రెల కాపరులకు ఈ కొండల్లోని ప్రతి చెలమా తెలుసు. వారిని పెద్దాయనా, అన్నా అని మర్యాదగా పలకరించి అడిగితే ఆదరంగా దారి చెబుతారు. ఇళ్లను, ఆడవారిని అడగకుండా ఫోటోలు తీయవద్దు.

ఎలా చేరుకోవాలి? రెండు రోజులు ఉంటే ఎలా తిరగాలి?

గుంతకల్లు–నంద్యాల రైలు మార్గంలో బేతంచెర్ల, నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలో బనగానపల్లె, కోయిలకుంట్ల స్టేషన్లు ఉన్నాయి. బెలుంకు దగ్గరి పెద్ద ఊరు తాడిపత్రి, సుమారు 30 కిలోమీటర్లు. మొదటి రోజు బేతంచెర్లలో దిగి బిల్లసర్గం, నాపరాతి గనులు చూసుకుని సాయంత్రానికి బనగానపల్లె చేరండి. రెండవ రోజు తెల్లవారుజామున యాగంటికి వెళ్లి, అక్కడి నుంచి జుర్రేరు లోయ, ఔకు జలాశయం మీదుగా మధ్యాహ్నానికి బెలుం చేరవచ్చు. మూడవ రోజు కూడా వీలైతే గండికోటను కలుపుకోండి; బెలుం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. పల్లెల మధ్య బస్సులు తక్కువ, చీకటి పడ్డాక దాదాపు ఉండవు కనుక బనగానపల్లెలోనే ఆటోనో కారునో రోజంతటికీ మాట్లాడుకోవడం మేలు. బెలుం ప్రవేశ వేళలను బయలుదేరే ముందు పర్యాటక శాఖ వద్ద నిర్ధారించుకోండి.